మీ షేరు పెరిగింది సరే, మార్కెట్టు ఎంత పెరిగింది?

రైతుబజారులోకి అడుగుపెట్టగానే మనం ముందు చూసేదేమిటి? కూరలు కాదు, ధరల బోర్డు. వంకాయలు కిలో ఇంత, బెండకాయలు ఇంత, టమాటాలు ఇంత అని రాసిపెట్టి ఉంటుంది. దాన్నోసారి చూసుకుని లోపలికి వెళితే బేరం సగం అయిపోయినట్టే. మర్నాడు వీధిలో తోపుడుబండి అతను వంకాయలు కిలో యాభై అన్నాడనుకోండి, "బజార్లో ముప్ఫై అయిదేగా!" అని ఠక్కున అనేస్తాం. ఒక ధర ఎక్కువో తక్కువో తెలియాలంటే పక్కన ఇంకో ధర ఉండాలని మనకెవరూ నేర్పక్కర్లేదు.

అదేమిటోగానీ, షేర్ల దగ్గరికొచ్చేసరికి ఈ తెలివంతా గేటు బయటే వదిలేస్తాం. "నాలుగేళ్ల కిందట కొన్న షేరు నలభై శాతం పెరిగిందండీ, మంచిదేనా?" అని ఒకరు. "మా మరిది కొనిపించినవి ఇరవై శాతం పడిపోయాయి, అమ్మేయమంటారా?" అని ఇంకొకరు. ఈ రెండు ప్రశ్నలకీ బోర్డు చూడకుండా జవాబు చెప్పేవాళ్లుంటే వాళ్ల మాట నమ్మకండి. నలభై శాతం గొప్ప లాభమూ కావచ్చు, చేతులారా వదులుకున్న లాభమూ కావచ్చు. ఇరవై శాతం పడిన షేరు ఆణిముత్యమూ కావచ్చు.

షేర్ల బజారులో ధరల బోర్డు పేరు సూచీ. మన దేశంలో ముఖ్యమైనవి రెండు. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజివారి సెన్సెక్స్‌లో 30 పెద్ద కంపెనీలుంటాయి. 1978-79 నాటి ధరల్ని 100 అనుకుని లెక్కకట్టి, 1986 జనవరి నుంచి ప్రకటిస్తున్నారు. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజివారి నిఫ్టీలో 50 కంపెనీలు. అది 1996లో మొదలైంది, 1995 నవంబరు 3 నాటి ధరల్ని 1000 అనుకుని. టీవీలో వార్తల కింద పరుగెత్తే అంకెలు ఇవే. ఈ లెక్కలో అన్ని కంపెనీలకూ సమానమైన పాలు ఉండదు. నెల సరుకుల పద్దులో బియ్యం ధర పెరిగితే గుండె గుభేలుమంటుంది, ఆవాల ధర పెరిగితే గమనించనైనా గమనించం కదా! అలాగే మార్కెట్లో విలువ ఎక్కువున్న కంపెనీ కదిలితే సూచీ ఎక్కువ కదులుతుంది, చిన్నది కదిలితే కొద్దిగా.

ఇక ఆ సూచీ పక్కన మన షేరుని నిలబెట్టి చూద్దాం. 2019 డిసెంబరు ఆఖరున సెన్సెక్స్ సుమారు 41,254. అయిదేళ్లు గడిచి 2024 డిసెంబరు ఆఖరుకి 78,139. అంటే దగ్గర దగ్గర 89 శాతం పెరిగింది. మీరు 2019 ఆఖరున లక్ష రూపాయలు పెట్టి ఏదో ఒక కంపెనీ షేర్లు కొన్నారనుకోండి. అయిదేళ్లకి అవి లక్షన్నర అయ్యాయి. యాభై వేలు లాభం! మీవారు కాలరెగరేసుకుని తిరిగే మాటే. కానీ ఏ కంపెనీ మంచిదో ఆలోచించకుండా, పేపరు చదవకుండా, ఎవర్నీ సలహా అడగకుండా, అదే లక్షని సెన్సెక్స్ కంపెనీలన్నిట్లోనూ వాటి వాటి పాళ్లలో సర్ది పెట్టి మర్చిపోయినా అది లక్షా ఎనభైతొమ్మిది వేలయ్యేది. మీవారు ఎంచి ఎంచి కొన్న షేరు మీకు ముప్ఫైతొమ్మిది వేలు తక్కువ తెచ్చింది. యాభై వేలు వచ్చిన మాట నిజమే, ఎంపిక కుదరలేదన్న మాటా నిజమే.

దీన్ని తిరగేసి చూడండి. 2007 ఆఖరున సెన్సెక్స్ 20,287. అమెరికాలో బ్యాంకులు కుప్పకూలిన 2008వ సంవత్సరం ఆఖరుకి అది 9,647కి దిగింది. సగానికి పైగా హరించుకుపోయింది. ఆ ఏడాది మీ దగ్గరున్న షేరు నూరు నుంచి డెబ్బైకి పడిందనుకోండి, ఇంట్లో గొడవే. "వద్దంటే విన్నారా!" అని మీరు, "మార్కెట్టే అలా ఉంటే నేనేం చేస్తా" అని ఆయన. ఈసారి ఆయన మాటే రైటు. బజారంతా నూటికి యాభైరెండు పోగొట్టుకుంటే ఆ షేరు ముప్ఫైతో బయటపడింది. కోపంలో దాన్ని అమ్మేసుకున్నవాళ్లు ఉన్నవాటిలో గట్టిదాన్ని వదిలించుకున్నట్టు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. అమెరికాలో పెట్టుబడిదారుడిగా పేరుమోసిన వారెన్ బఫెట్ కుర్రతనంలో కొందరి డబ్బు పోగుచేసి షేర్లలో పెట్టేవాడు. 1961లో తన భాగస్తులకి రాసిన ఉత్తరంలో ఈ సంగతే చెప్పాడు. మార్కెట్టూ మనమూ చెరో ఇరవై శాతం పెరిగిన ఏడాది కంటే, మార్కెట్టు ముప్ఫై శాతం పడి మనం పదిహేనే పడిన ఏడాదిని తాను చాలా మెరుగైనదిగా లెక్కేస్తానని దాని సారాంశం. డబ్బు పోయిన ఏడాది మెరుగేమిటి విడ్డూరం కాకపోతే, అనిపిస్తుంది. పనితనం కొలిచే పద్ధతి అది.

అయితే ఇక్కడో మాట గట్టిగా చెప్పాలి. పనితనం వేరు, ఇంటి అవసరం వేరు. జూన్‌లో అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాల్సిన డబ్బు షేర్లలో ఉండి, అది ముప్ఫై శాతం కరిగిపోతే, "మార్కెట్టు యాభై పడింది తెలుసా" అని కాలేజీవాళ్లకి చెప్పుకోలేం కదా! సూచీతో పోలిక మీ షేరు మంచిదో కాదో చెబుతుంది, అంతే. ఆ డబ్బు అసలు షేర్లలో ఉండొచ్చా లేదా అన్నది దానికి సంబంధం లేని ప్రశ్న. మూడు నాలుగేళ్లలో కావాల్సిన డబ్బుని ఈ బజారుకి తీసుకురావద్దని ఈ శీర్షికలో లోగడ చెప్పుకున్నదే, ఇప్పుడూ అదే మాట.

ఇప్పుడు మీకో ఊరి ఆడవాళ్ల సంగతి చెప్పాలి. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలో, నది ఒడ్డున, బియర్డ్స్‌టౌన్ అని ఆరువేల లోపు జనాభా ఉన్న చిన్న ఊరు. 1983లో అక్కడ పదహారుమంది ఆడవాళ్లు కలిసి ఒక పెట్టుబడి సంఘం పెట్టుకున్నారు. ఎక్కువమంది నడివయసు దాటినవాళ్లు, మనవలున్నవాళ్లు. మొదట తలా వంద డాలర్లు వేసుకున్నారు, ఆ తర్వాత నెలకి పాతిక డాలర్ల చొప్పున. మన దగ్గర కిట్టీపార్టీలు, చీటీలూ లేవూ, అలాగన్నమాట. కాకపోతే పాట పాడుకోవడం లేదు, నెలకోసారి కూర్చుని, కంపెనీల లెక్కలు చదివి, ఏది కొందామో చర్చించి షేర్లు కొనేవారు.

1984 నుంచి 1993 దాకా పదేళ్లలో సగటున ఏడాదికి 23.4 శాతం లాభం వచ్చిందని వాళ్లు లెక్క తేల్చారు. అదే పదేళ్లలో అక్కడి పెద్ద సూచీ, అయిదువందల కంపెనీలుండే ఎస్ అండ్ పీ 500, ఇచ్చింది 14.9 శాతం. అంటే మహామహా పండితుల్ని ఈ అమ్మమ్మలు ఓడించేశారు! ఇంకేం, టీవీవాళ్లు పరుగెత్తుకొచ్చారు. 1990ల మధ్యలో వీళ్ల పేరు మీద పుస్తకం వచ్చింది. ఎనిమిది లక్షల కాపీలు అమ్ముడయ్యాయట. ఆ పుస్తకంలో షేర్లు ఎంచుకునే చిట్కాలతోపాటు వాళ్లు చేసే వంటకాల పద్ధతులు కూడా ఉన్నాయి. ఈ పేజీ తిప్పితే వంటల పేజీలోకి వెళ్లే మనకి ఆ ఏర్పాటు భలే నచ్చుతుంది.

1998లో షికాగో నుంచి వచ్చే ఒక పత్రిక విలేఖరికి అనుమానం వచ్చింది. పుస్తకంలో ఓ మూల సన్న అక్షరాల్లో, ఈ లాభం లెక్క మ్యూచువల్ ఫండ్లూ బ్యాంకులూ కట్టే లెక్కలాంటిది కాకపోవచ్చు అన్న అర్థం వచ్చే మాట అతని కంటబడింది. తవ్వితే తేలిందేమిటంటే, సభ్యులు నెలనెలా కట్టిన పాతిక డాలర్లు కూడా లాభంలో కలిసిపోయాయి! ఆ తర్వాత పేరున్న ఆడిటర్లు ప్రైస్ వాటర్‌హౌస్ వారిచేత లెక్కలు చూపిస్తే, ఆ పదేళ్లకి అసలు లాభం ఏడాదికి 9.1 శాతమని తేలింది. సూచీ 14.9 దగ్గర నిక్షేపంలా ఉంది. ఓడించినవాళ్లు ఓడిపోయినవాళ్లయ్యారు. కంప్యూటర్లోకి వివరాలు ఎక్కించడంలో పొరపాటు జరిగిందని, కావాలని చేసింది కాదని ఆ ఆడవాళ్లు చెప్పుకున్నారు. పుస్తకం కొన్నవాళ్లలో కొందరు ప్రచురణకర్తల మీద కోర్టుకి కూడా వెళ్లారు.

శాతాల్లో చెబితే పెద్దగా అనిపించదు కానీ రూపాయల్లో పెట్టి చూడండి. ఏడాదికి 23.4 శాతం చొప్పున పెరిగితే లక్ష పదేళ్లలో ఎనిమిది లక్షలు దాటుతుంది. 14.9 చొప్పున అయితే నాలుగు లక్షలు. 9.1 చొప్పున అయితే రెండు లక్షల నలభై వేలకి కాస్త తక్కువ. ఎనిమిది లక్షలున్నాయనుకుని పెట్టె తెరిస్తే రెండు లక్షల చిల్లర కనిపించినట్టన్నమాట.

ఆ ఆడవాళ్లని చులకన చేయడానికి ఇది చెప్పడంలేదు. తొమ్మిది శాతం నష్టం కాదు. 1983 నుంచి 1997 దాకా మొత్తం లెక్కేస్తే ఏడాదికి 15.3 శాతం వచ్చింది వాళ్లకి, సూచీకి 17.2. మరీ తీసిపారేసే పనితనమేం కాదది. మన ఇళ్లలో కూడా ఇదే లెక్క ఇదే తీరులో తప్పుతోంది, అందుకని చెప్పాను.

చూడండి. ఉగాదికి మీ షేర్ల ఖాతాలో లక్ష ఉంది. నెలకి అయిదువేల చొప్పున పన్నెండు నెలలు వేశారు, అరవై వేలు. మళ్లీ ఉగాదికి చూస్తే లక్షా డెబ్బై వేలు. "లక్ష కాస్తా లక్షా డెబ్బై అయిందే!" అని మురిసిపోతాం. అందులో అరవై వేలు మన పోపులడబ్బాలోంచి వెళ్లిందే. పెరిగింది పదివేలు. ఆ పదివేలు లక్ష మీద వచ్చింది కాదు, పూర్తిగా లక్షా అరవై వేల మీద వచ్చిందీ కాదు. ఎందుకంటే మొదటి నెల వేసిన అయిదువేలు ఏడాదంతా పనిచేశాయి, ఆఖరి నెలవి ఒక్క నెలే. సగటున లక్షా ముప్ఫై రెండు వేలు పనిచేసిందనుకుంటే లాభం ఏడున్నర శాతం. డెబ్బై ఎక్కడ, ఏడున్నర ఎక్కడ!

నెలనెలా వేసేవాళ్లు సూచీతో పోల్చుకోవాలంటే రెండు దారులున్నాయి. మ్యూచువల్ ఫండు స్టేట్‌మెంట్లలో, ఫోన్ యాప్‌లలో చాలావాటిలో ఎక్స్ఐఆర్ఆర్ అని ఒక అంకె ఉంటుంది. ఏ తేదీన వేసిన డబ్బు ఎన్నాళ్లు పనిచేసిందో చూసి కట్టిన లెక్క అది. దాన్నే చూడాలి, పైన పెద్ద అక్షరాల్లో మెరిసే మొత్తాన్ని కాదు. రెండో దారి కాగితం పెన్సిలు. మీరు డబ్బు వేసిన ప్రతి తేదీనా అంతే డబ్బు ఒక ఇండెక్స్ ఫండులో వేసినట్టు పక్కన రాసుకుంటూ పోవడం. ఇండెక్స్ ఫండంటే సూచీలోని కంపెనీల్నే ఆ పాళ్లలోనే కొని ఊరుకునే ఫండు. ఏడాది తిరిగాక ఆ కాగితం మీది యూనిట్ల విలువ ఎంత, మీ చేతిలోవాటి విలువ ఎంత? వేసిన డబ్బు ఇద్దరిదీ ఒకటే కాబట్టి ఇందులో మాయ చేయడానికి వీల్లేదు.

పోల్చేటప్పుడు కళ్లకి గంతలు కట్టే సంగతులు ఇంకొన్ని ఉన్నాయి. అందులో పెద్దది మొదలుపెట్టిన రోజు. మీ ఆడపడుచుగారి అబ్బాయి కరోనా రోజుల్లో షేర్లు కొని, "తొమ్మిది నెలల్లో అరవై శాతం సంపాదించా, మామ్మా డబ్బివ్వు, నేను పెడతా" అంటున్నాడనుకోండి. 2020 మార్చి 23న సెన్సెక్స్ 25,981కి పడిపోయింది. ఆ ఏడాది ఆఖరుకి 47,751. ఎనభై నాలుగు శాతం! ఆ బాబు నిద్రపోయినా అతని డబ్బుకి ఎనభై నాలుగు వచ్చేది, మెలకువగా ఉండి అరవై తెచ్చాడు. వరదొచ్చినప్పుడు పడవలన్నీ పైకి లేస్తాయి, ఏ పడవ గట్టిదో అప్పుడు తెలీదు. కాబట్టి ఎవరైనా లాభం చెప్పగానే "ఎప్పటినుంచి ఎప్పటిదాకా?" అని అడగండి. ఒక్క ఏడాది చూసి మెచ్చుకోవద్దు, తిట్టొద్దు. అయిదేళ్లు చూడండి, అందులో ఒక పడిన ఏడాది కూడా ఉంటే మరీ మంచిది.

డివిడెండు సంగతి కూడా ఉంది. టీవీలో చూపించే సెన్సెక్స్, నిఫ్టీ అంకెల్లో కంపెనీలు పంచే డివిడెండు కలవదు. అది ఏడాదికి సుమారు ఒకటి, ఒకటిన్నర శాతం ఉంటుంది. మీ షేరు లాభంలో డివిడెండు కలిపి, సూచీకి కలపకుండా పోలిస్తే త్రాసులో మీవైపు చింతపండు అతికించినట్టే. డివిడెండు కూడా కలిపిన సూచీ వేరే ఉంది, దాన్ని టోటల్ రిటర్న్ ఇండెక్స్ అంటారు. మ్యూచువల్ ఫండ్లు తమ పనితనాన్ని దాంతోనే పోల్చి చూపించాలని 2018 ఫిబ్రవరి నుంచి సెబీ నియమం పెట్టింది. అంతకుముందు ఫండ్లు మామూలు సూచీతో పోల్చుకుని కాస్త ఎత్తుగా కనిపించేవి. మనం ఇంట్లో రెండువైపులా డివిడెండు కలుపుకుందాం, లేదా రెండువైపులా వదిలేద్దాం.

బోనస్ షేర్లొచ్చినప్పుడు కంగారుపడేవాళ్లుంటారు. ఒకటికి ఒకటి బోనస్ ఇస్తే ఆరువందల షేరు మూడువందలవుతుంది, మీ దగ్గర షేర్లు రెట్టింపవుతాయి. అట్టుని రెండు ముక్కలు చేసినంత మాత్రాన పిండి పెరగదు, తరగదు. అందుకని షేరు ధర కాకుండా మీ దగ్గరున్న మొత్తం విలువ రాసుకోండి.

ఇక అసలైన ఇబ్బంది. మనం గెలిచినవే గుర్తుపెట్టుకుంటాం. "ఫలానా షేరు నాకు మూడింతలయింది" అని పెళ్లిళ్లలో చెప్పుకునేవాళ్ల బీరువాలో, 1990లలో పబ్లిక్ ఇష్యూకొచ్చి ఆ తర్వాత అయిపు లేకుండా పోయిన కంపెనీల సర్టిఫికెట్లు చీరల అడుగున ఉంటాయి. తెలుగువాళ్ల ఇళ్లలో ఇవి తక్కువేం కాదు. సూచీతో పోల్చాల్సింది ఒక్క షేరుని కాదు, మొత్తం మూటని. చచ్చినవాటిని సున్నా అని రాసి కూడండి. మనసుకి కష్టంగా ఉన్నా సరే.

"సూచీవాళ్లు చెడ్డ కంపెనీల్ని తీసేసి మంచివి పెట్టుకుంటారు కదా, మరి వాళ్లది మాత్రం న్యాయమా?" అనొచ్చు మీరు. తెలివైన ప్రశ్నే. కానీ తీసేసేలోపు జరిగిన నష్టం సూచీలో పడే ఉంటుంది. మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ సెన్సెక్స్‌లో ఉండేది. 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం బయటికి రాగానే ఒక్క రోజులో ఆ షేరు సుమారు 179 రూపాయల నుంచి 40కి పడింది. ఆ దెబ్బ సెన్సెక్స్‌కీ తగిలింది, ఆ తర్వాతే సత్యాన్ని తీసేశారు. తేడా ఎక్కడంటే సూచీకి అది ముప్ఫైలో ఒకటి. "మనవాళ్ల కంపెనీ" అని ఉన్నదంతా అందులోనే పెట్టినవాళ్లకి అదొక్కటే. ఇంకో సంగతి కూడా చెప్పి తీరాలి. దొంగలెక్కల్ని ఈ పోలిక ముందుగా పట్టుకోలేదు. బోర్డు ధర చూస్తే వంకాయ ఖరీదు తెలుస్తుందిగానీ లోపల పురుగుందో లేదో తెలియదు.

మరి ఏ సూచీతో పోల్చాలి? చిన్న కంపెనీలకి వేరే సూచీలు, బ్యాంకులకి వేరే, మందుల కంపెనీలకి వేరే ఉన్నాయి. 2018లో సెన్సెక్స్ దాదాపు ఆరు శాతం పెరిగితే, బొంబాయి ఎక్స్ఛేంజి చిన్న కంపెనీల సూచీ ఇరవై శాతానికి పైగా పడింది. ఆ ఏడాది మీ చిన్న కంపెనీ షేరు పదిశాతమే పడితే, తన ఈడు పిల్లల్లో అది ఫస్టు వచ్చినట్టే. ఫండు మేనేజరు పనితనం కొలవడానికి ఇలా ఈడుజోడు చూడటం న్యాయం. మన ఇంటి డబ్బు విషయంలో మాత్రం నా మాట వింటే సెన్సెక్సో, నిఫ్టీయో ఒక్కటే పెట్టుకోండి. చిన్న కంపెనీల్లోకి వెళ్లాలన్నది కూడా మనం ఎంచుకున్నదే కదా! కష్టపడకుండా దొరికేదానికంటే మన కష్టం ఎంత ఎక్కువ తెచ్చిందన్నదే మనక్కావాలి. రోజుకో సూచీ మారుస్తూపోతే ఎప్పుడూ ఏదో ఒకదాన్ని గెలుస్తూనే ఉంటాం.

బంగారంతో పోల్చకూడదా అంటే, పోల్చొచ్చు. డబ్బు షేర్లలో ఉంచాలా, బంగారంలోనా, బ్యాంకులోనా అనే ప్రశ్నకి ఆ పోలిక కావాలి. షేర్లలో ఉంచుదామని నిర్ణయించుకున్నాక, ఏ షేరు, ఎవరి సలహా అన్నదానికి సూచీయే.

సూచీని ఓడించడం ఎంత కష్టమో తెలియాలంటే బఫెట్ కాసిన పందెం చాలు. 2008 జనవరి నుంచి పదేళ్లపాటు మామూలు ఇండెక్స్ ఫండు ఒకవైపు, ఎదుటివాళ్లు ఏరికోరి తెచ్చిన అయిదు పెద్ద ఫండ్లు ఇంకోవైపు. 2017 ఆఖరుకి ఇండెక్స్ ఫండు 125.8 శాతం పెరిగింది. ఆ అయిదింటిలో బాగా చేసింది 87.7, అన్నిటికంటే వెనకబడ్డది 2.8. పందెం డబ్బు ఒమాహాలో ఆడపిల్లల కోసం పనిచేసే సంస్థకి వెళ్లింది. అందుకే సూచీకంటే వెనకబడితే సిగ్గుపడక్కర్లేదు, అందరూ వెనకబడేదే. కానీ అయిదేళ్లుగా వెనకబడుతూ, బ్రోకరేజీ కడుతూ, టిప్పులు ఇచ్చేవాడికి ఫీజు కూడా ఇస్తూ కొనసాగడం ఎందుకని మాత్రం అడగాలి. ఆ ఖర్చులన్నీ పోను మిగిలినదే మన లాభం.

ఇంతకీ అడగడం ఎలా? చాలా ఇళ్లలో డబ్బు మనదీ, చూసేది ఇంకొకరూ. పుట్టింటివాళ్లు పసుపుకుంకాలకిచ్చిన పొలం అమ్మిన డబ్బు తమ్ముడి చేతిలో ఉంటుంది. ఉద్యోగం మానేసినప్పుడు వచ్చిన పీఎఫ్ మీవారు షేర్లలో పెట్టి ఉంటారు. "నా డబ్బేమైంది?" అంటే "నామీద నమ్మకం లేదా?" అంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. అలా అడక్కండి. "ఒరే తమ్ముడూ, ఏ తేదీన ఎంత పెట్టావో, ఇప్పుడెంత ఉందో రెండు ముక్కలు రాసివ్వరా, లెక్కలపుస్తకంలో ఎక్కించుకుంటా" అనండి. లెక్క మీరే కట్టండి. ఇప్పటి విలువని పెట్టినదానితో భాగించండి. ఇప్పటి సెన్సెక్స్‌ని ఆనాటి సెన్సెక్స్‌తో భాగించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ఒకటికి పైన వస్తే వాడికి మినపసున్నుండలు చేసి పంపండి. మొదట్లో చెప్పుకున్న లక్షన్నర షేరుకి ఈ లెక్క కడితే 1.50ని 1.89తో భాగించాలి, 0.79 వస్తుంది. అంటే మార్కెట్టు రూపాయి చేసినచోట ఆ షేరు డెబ్బైతొమ్మిది పైసలు చేసింది. వరసగా కొన్నేళ్లు ఇలాగే వస్తుంటే, "మిగతాది ఇండెక్స్ ఫండులో పెట్టించరా" అనడానికి మీకు కోపం అక్కర్లేదు, ఆ అంకె చూపిస్తే చాలు.

లెక్కలపుస్తకంలో దీనికోసం ఒక పేజీ కేటాయించండి. డబ్బు పెట్టిన తేదీ, మొత్తం, ఆ రోజు సెన్సెక్స్ ముగిసిన అంకె, ఈ మూడూ ఒకే వరసలో ఉండాలి. మర్నాటి పేపర్లో ఆ అంకె ఉంటుంది. పాత తేదీలవి కావాలంటే బొంబాయి ఎక్స్ఛేంజి వెబ్‌సైటులో దొరుకుతాయి, పిల్లల్ని అడిగితే క్షణంలో తీసిస్తారు. ఏడాదికోసారి, ఏప్రిల్ ఒకటినో మీకు గుర్తుండే మరో రోజునో, కూర్చుని భాగహారాలు చేసుకోండి. రోజూ చూడకండి, రక్తపోటు తప్ప వేరే ప్రయోజనం లేదు.

వచ్చేవారం డీమ్యాట్ ఖాతాకి నామినీ పేరు రాయించే సంగతి మాట్లాడుకుందాం. ఈలోపు మీ ఖాతాలో నామినీగా ఎవరి పేరుందో ఒకసారి చూసిపెట్టుకోండి.